లొల్లి, హోరు, మోత: నాయిస్ రాక్ ఎక్కడ మొదలుపెట్టాలి?

చప్పుడు, సడి, సవ్వడి, రొద, మోత, హోరు, ఘోష, గోల, రచ్చ, లొల్లి. ఇన్ని మాటలు మనకున్నాయి, ఇవన్నీ ఒకటి కావు. ఆకు కదిలితే సడి. గాజులు కదిలితే సవ్వడి. రైస్ మిల్లుది రొద, అది ఆగేదాకా ఉందని కూడా గుర్తుండదు. డప్పుది మోత. వరద నీళ్లది హోరు, సముద్రానిది ఘోష. ఇక లొల్లి మనుషులది. మా దిక్కు ఇంట్లో ఏ పాట గట్టిగా పెట్టినా "ఏందిరా ఆ లొల్లి" అనే వస్తుంది, అది సితారా, డ్రమ్సా అని ఎవరూ చూడరు.

నాయిస్ రాక్ అని పేరు పెట్టినవాళ్లు ఒక్క మాటతో సరిపెట్టేశారు. అందుకే మొదటిసారి వినేవాళ్లకు అది అంతా ఒకటే గోల అనిపిస్తుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు పైన చెప్పిన మాటల్లో సగం ఈ క్లబ్‌లో చేరాకే వాడకంలోకి వచ్చాయి. కానీ వచ్చాక ఒకటి అర్థమైంది: ఈ బ్యాండ్‌లను విడదీసి చెప్పడానికి ఇంగ్లిష్ రివ్యూల కంటే ఈ మాటలే బాగా పనికొస్తాయి. ఏది హోరు, ఏది రొద, ఏది లొల్లి అని తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం అందుకోసమే. పోయిన సంచికలో ఘజల్ మీద రాసిన సీనియర్ అక్క అంత నాజూగ్గా ఉండదు, ముందే చెప్తున్నా.

మాది నిజాంసాగర్. ఇటు ఎల్లారెడ్డి, అటు బాన్సువాడ, మధ్యలో మంజీర మీద డ్యామ్. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ప్రతి జులై 11న కాలేజీలో మనం చేసుకునే తెలంగాణ ఇంజినీర్స్ డే ఆయన పుట్టినరోజే. గేట్లు ఎత్తినప్పుడు అక్కడ వచ్చే హోరులో సరిగమలు వెతికితే ఒక్కటీ దొరకదు. కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి కలిసి ఉంటాయి. సిగ్నల్స్ క్లాసులో వైట్ నాయిస్ అని బోర్డు మీద గీసేదానికి దాదాపు దగ్గర. అయినా ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే అందులో ఏదో లయ ఉన్నట్టు, ఎవరో దూరం నుంచి పిలుస్తున్నట్టు అనిపించడం మొదలవుతుంది. నీళ్లు పిలవవు కదా, మెదడే వెతుక్కుంటుంది. నాయిస్ రాక్ వినడమంటే చాలావరకు ఆ వెతుకులాటే.

ఇంకో సంగతి కూడా ఉంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు అదే హోరు ఎవరికీ అందంగా లేదు. నీళ్ల చప్పుడు పెరిగిందంటే భయపడాలి, సామాను సర్దాలి. మంచి నాయిస్ రికార్డుల్లో ఈ భయం ఎక్కడో ఒకచోట ఉంటుంది. భయం లేకుండా ఊరికే వాల్యూమ్ పెంచిన బ్యాండ్‌లు నాకు పది నిమిషాల్లో విసుగొస్తాయి. వాటి పేర్లు ఇక్కడ రాయడం లేదు.

మొదట కొంచెం పైథాన్

డిస్టార్షన్ అంటే ఏమిటో గిటార్ లేకుండానే చూడొచ్చు. ల్యాప్‌టాప్‌లో 200 హెర్ట్జ్ సైన్ వేవ్ ఒకటి తయారుచేయండి. దాన్ని పదితో గుణించి, ప్లస్ ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్య ఉండేలా నంపై క్లిప్‌తో పైనా కిందా కోసేయండి. గుండ్రటి గుట్టలన్నీ చదును చేసిన బండల్లా అవుతాయి. ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే 200 ఒక్కటే ఉండాల్సిన చోట 600, 1000, 1400 కూడా లేచి నిలబడతాయి. అన్నీ బేసి గుణిజాలే. గిటార్ ఆంప్లిఫయర్‌ను మోయలేనంత సిగ్నల్‌తో నింపితే జరిగేది ఇదే. గాలికి తీగ ఇచ్చినదాని కంటే ఎక్కువ స్వరాలు వస్తాయి.

ఇప్పుడు 200తో పాటు 300 కలిపి కోయండి. సకీ పకీ ఉండే నిష్పత్తి అది, రాక్ వాళ్లు పవర్ కార్డ్ అని రోజూ వాయించేది. కోత పడగానే 100, 400, 700 లాంటివి కొత్తగా పుడతాయి. అన్నీ వందకు గుణిజాలే కాబట్టి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చుంటాయి, శబ్దం లావుగా నిండుగా ఉంటుంది. తర్వాత 300 తీసేసి 212 పెట్టండి, అంటే దాదాపు సకీ శుద్ధ రికీ మధ్య దూరం. ఇప్పుడు 188, 200, 212, 224 అంటూ పన్నెండు హెర్ట్జ్ ఎడంతో గుంపుగా వస్తాయి, సెకనుకు పన్నెండుసార్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే పాత డీజిల్ ఇంజిన్ అదిరినట్టు ఉంటుంది. మామూలు రాక్ బ్యాండ్ ఈ చోటికి రాకుండా జాగ్రత్తపడుతుంది. నాయిస్ రాక్ బ్యాండ్ ఇక్కడే కాపురం పెడుతుంది.

వాళ్ల రెండో సరుకు ఫీడ్‌బ్యాక్. మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు వెళ్తే కుయ్యిమంటుంది కదా, ఫంక్షన్ హాల్లో అందరూ చెవులు మూసుకునేది, అదే. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి, మైకు నుంచి మళ్లీ స్పీకర్‌లోకి. గిటార్ పికప్‌తోనూ అంతే. ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడ్డారో దాన్నిబట్టి అరుపు మారుతుంది. కాబట్టి మనిషి స్టేజీ మీద నడవడం కూడా వాయించడమే అవుతుంది.

ఇదంతా మన సంగీతానికి సంబంధం లేని వ్యవహారం అనుకునేవాళ్లు ఒక తంబురాను దగ్గరికెళ్లి చూడండి. బ్రిడ్జి మీద తీగ కింద సన్నటి నూలు పోగు దూరుస్తారు. దానికి జీవా అని పేరు. ఆ పోగు లేకపోతే తీగ శుభ్రంగా, బోసిగా మోగుతుంది. పోగు సరైన చోటికి జరిగాకే జుమ్ అనే ఆ ఝంకారం పుడుతుంది. అంటే తీగను కావాలనే కొంచెం చెడగొడుతున్నారు, చెడగొట్టిన దానికి ప్రాణం పేరు పెట్టారు.

ఈ తంబురా ఊరికే గుర్తుచేయలేదు. 1960ల న్యూయార్క్‌లో లా మాంటె యంగ్ అనే స్వరకర్త ఒకటే శ్రుతిని గంటలకొద్దీ సాగదీసేవాడు. ఆయన బృందంలో వయోలా వాయించిన జాన్ కేల్, లూ రీడ్‌తో కలిసి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ మొదలుపెట్టాడు. 1968లో వాళ్ల రెండో ఆల్బమ్ వైట్ లైట్/వైట్ హీట్ వచ్చింది. చివరి పాట సిస్టర్ రే పదిహేడు నిమిషాల పైన, ఆర్గన్, గిటార్ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోతాయి. నాయిస్ రాక్ వంశవృక్షం గీస్తే చాలామంది వేరు దగ్గర దీన్నే పెడతారు. యంగ్ విషయానికొస్తే, 1970లో కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. అప్పటికి కేల్ ఆ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు కాబట్టి మన తంబురా నేరుగా సిస్టర్ రేలోకి వెళ్లిందని అనలేం. ఒకే ఇంటికి వేర్వేరు గుమ్మాల నుంచి వచ్చారు, అంతే.

న్యూయార్క్ హోరు

1978లో బ్రయాన్ ఈనో నో న్యూయార్క్ అనే సంకలనం రికార్డ్ చేశాడు. అందులో నాలుగు బ్యాండ్‌లు. వాటిలో నాకు నచ్చింది డీఎన్ఏ. ఆర్టో లిండ్సే గిటార్ మీద కార్డ్స్ వాయించడం నేర్చుకోలేదు, నేర్చుకోకుండానే గీకి, కొట్టి, అరిచి వదిలాడు. డ్రమ్స్ మీద ఇకుయే మోరి, జపాన్ నుంచి వచ్చిన అమ్మాయి, అంతకుముందు డ్రమ్స్ వాయించిందే లేదు. ఈ గుంపుకు నో వేవ్ అని పేరొచ్చింది. పాఠంగా ముఖ్యం, కానీ మొదటిసారి వినేవాళ్లకు నేనివ్వను. కారం తినని చుట్టానికి మొదటి ముద్దలోనే గొడ్డుకారం కలిపి పెట్టినట్టవుతుంది.

మొదట ఇవ్వాల్సింది సోనిక్ యూత్. 1981లో మొదలైన బ్యాండ్. థర్స్టన్ మూర్, లీ రనాల్డో గిటార్లు, కిమ్ గోర్డన్ బేస్, గొంతు. వాళ్ల దగ్గర మొదట్లో మంచి గిటార్లు కొనే డబ్బుల్లేవు, చౌక గిటార్లు మామూలు ట్యూనింగ్‌లో చెత్తగా మోగేవి. అందుకని ట్యూనింగే మార్చేశారు. రెండు మూడు తీగలను ఒకే స్వరానికి బిగించడం, తీగల కింద స్క్రూడ్రైవర్ దూర్చడం, డ్రమ్ పుల్లతో కొట్టడం. ఒక్కో పాటకు ఒక్కో ట్యూనింగ్, ఒక్కో ట్యూనింగ్‌కు ఒక్కో గిటార్. 1999 జులైలో కాలిఫోర్నియా టూర్‌లో వాళ్ల వ్యాన్ మొత్తం దొంగతనానికి గురైంది. డబ్బు పెట్టి మళ్లీ కొనుక్కోగలిగే సామాను కాదది. ఏళ్ల తరబడి అరగదీసి, మార్చి, ఒక పాటకు మాత్రమే పనికొచ్చేలా తయారైన గిటార్లు. కొన్ని పాటలు వాయించడమే కుదరని పరిస్థితి. కోడ్ బ్యాకప్ లేకుండా హార్డ్‌డిస్క్ పోయినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

1988లో వచ్చిన వాళ్ల డేడ్రీమ్ నేషన్‌ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చి దాచింది. మొదటి పాట టీనేజ్ రయట్ వినండి. మొదటి నిమిషం పైన మెల్లగా ఉంటుంది, తర్వాత పరుగు. పాట ఉంది, రాగం లాంటిది ఉంది, దాని చుట్టూ రెండు గిటార్లు వానగాలిలా తిరుగుతుంటాయి. నేను హోరు అంటున్నది దీన్నే. ఇది నచ్చకపోతే మిగతా వ్యాసం చదవడం ఆపేయనక్కర్లేదు, వేరే గుమ్మాలున్నాయి.

అదే ఊళ్లో 1982లో మొదలైన స్వాన్స్ హోరు కాదు, మోత. మైకేల్ గీరా నడిపే బ్యాండ్. 1983 నాటి ఫిల్త్‌లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందంటే, సమ్మెట ఎత్తడం కనబడుతుంది. దించడం కోసం ఎదురుచూడాలి. మధ్యలో ఆగిపోయి 2010లో తిరిగొచ్చాక గీరా పాటలను సాగదీశాడు. 2014 నాటి టు బి కైండ్ రెండు గంటలు, అందులో ఒక్క పాటే ముప్పై నిమిషాలు దాటుతుంది. అది సెమిస్టర్ సెలవుల్లో వినాల్సిన రికార్డు. ఇంటర్నల్స్ ముందు వద్దు.

ఇంజినీర్ అని పిలిపించుకున్నవాడు

మన కాలేజీలో ఈ వ్యాసం అచ్చేయడానికి నాకున్న అసలు సాకు స్టీవ్ ఆల్బిని. షికాగో మనిషి, జర్నలిజం చదివాడు. 1980లలో బిగ్ బ్లాక్ అనే బ్యాండ్ నడిపాడు. దానికి డ్రమ్మర్ లేడు, రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషిన్ ఉంది. ఆల్బమ్ అట్ట మీద డ్రమ్స్ వాయించినవాడి పేరు రోలాండ్ అనే వేశారు. 1986 నాటి అటామైజర్ వినండి, గిటార్ కాదు గ్రైండర్ అనిపిస్తుంది, నిప్పురవ్వలతో సహా. కొన్ని పాటల విషయాలు చాలా చేదు. అప్పట్లో జనాన్ని రెచ్చగొట్టడానికి తాను అన్నవాటిని, రాసినవాటిని ఆయనే పెద్దయ్యాక తప్పుపట్టుకున్నాడు. పేర్లు చూసి ఊరికే షేర్ చేసేముందు వినండి.

కానీ ఆయన అసలు పని రికార్డింగ్. పిక్సీస్ వాళ్ల సర్ఫర్ రోజా 1988లో, పీజే హార్వీ వాళ్ల రిడ్ ఆఫ్ మీ, నిర్వాణా వాళ్ల ఇన్ యుటెరో 1993లో. ఈ మూడింటిలో డ్రమ్స్ మాత్రమే పట్టుకుని వినండి. డ్రమ్ పక్కన మైకు పెట్టడంతో ఆగకుండా గదిలో దూరంగా కూడా మైకులు పెట్టి, గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా పట్టాడు. అందుకే చెవికి డ్రమ్ ఒక్కటే కాదు, ఆ గది ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది. తనను ప్రొడ్యూసర్ అనొద్దని, ఇంజినీర్ అంటే చాలని పట్టుబట్టేవాడు. ఆల్బమ్ అమ్మకాల్లో వాటా తీసుకునేవాడు కాదు. ప్లంబర్‌కు ఇచ్చినట్టు పనికి కూలి ఇస్తే చాలు, బ్యాండ్ పాట మీద వచ్చే డబ్బు బ్యాండ్‌దే అన్నది ఆయన లెక్క. నిర్వాణాకు రాసిన ఉత్తరంలోనూ అదే చెప్పాడు. ఇన్ యుటెరో లక్షల్లో అమ్ముడయ్యే అవకాశం ఉందని తెలిసే చెప్పాడు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ప్యాకేజీల గురించి మాట్లాడుకునే మనకు ఈ మనిషి వింతగా కనబడొచ్చు.

1997లో షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో తెరిచాడు. పేరున్న బ్యాండ్‌లకూ, ఎవరూ ఎరగని పిల్లల బ్యాండ్‌లకూ అదే గది. 2024 మే 7న గుండెపోటుతో చనిపోయాడు, 61 ఏళ్లు. ఆయన చివరి బ్యాండ్ షెల్లాక్ పదేళ్ల తర్వాత చేసిన ఆల్బమ్ టు ఆల్ ట్రెయిన్స్ అప్పటికే సిద్ధమై ఉంది, సరిగ్గా పదిరోజులకు మే 17న విడుదలైంది. అరగంట కూడా ఉండదు. మూడే వాయిద్యాలు, ఎక్కడా ఒక్క అనవసరమైన దెబ్బ లేదు. శబ్దం ఎక్కువ ఉండటం వేరు, సామాను ఎక్కువ ఉండటం వేరు అని తెలియాలంటే ఇది వినాలి.

ఆల్బిని రికార్డ్ చేసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టం ది జీసస్ లిజర్డ్ వాళ్ల గోట్, 1991. ఇది పక్కా లొల్లి. బస్టాండ్‌లో అర్ధరాత్రి గోడ అవతల ఎవరో గొడవపడుతున్నట్టు ఉంటుంది డేవిడ్ యావ్ గొంతు. మాటలు అందవు, కోపమా ఏడుపా తెలియదు, కానీ వెళ్లి చూడకుండా ఉండలేం. చుట్టూ బేస్, డ్రమ్స్ మాత్రం గడియారమంత కచ్చితం. మనిషి ఒక్కడే అదుపు తప్పుతాడు, మిగతా ముగ్గురూ తప్పరు, అందుకే లొల్లి నిలబడుతుంది. 1998 తర్వాత ఆల్బమ్ చేయని ఈ బ్యాండ్ 2024లో ర్యాక్‌తో తిరిగొచ్చింది. అరవై దాటిన మనుషులు చేశారంటే నమ్మబుద్ధి కాదు.

ఇద్దరి రొద, డెబ్బై ఏడుగురి మోత

లైట్నింగ్ బోల్ట్‌లో ఇద్దరే, ఇద్దరి పేరూ బ్రయానే. ప్రావిడెన్స్ అనే ఊరు. బ్రయాన్ చిప్పెండేల్ డ్రమ్స్ వాయిస్తూ ముసుగులో కుట్టుకున్న మైకులోంచి అరుస్తాడు. బ్రయాన్ గిబ్సన్ బేస్ గిటార్‌కు బాంజో తీగ కట్టి గిటార్ పని కూడా దాంతోనే చేస్తాడు. స్టేజీ ఎక్కకుండా జనం మధ్యలో నేల మీదే వాయించేవాళ్లు. 2003 నాటి వండర్‌ఫుల్ రెయిన్‌బో నిజమైన రొద, మిల్లు పక్కన పడుకున్నట్టు, కాసేపటికి ఆ రొదే నిద్రపుచ్చేలా ఉంటుంది. గేమ్ డెవలప్‌మెంట్ క్లబ్ వాళ్లకు ఒక మాట: 2016లో వచ్చిన థంపర్ అనే రిథమ్ గేమ్ చేసిన ఇద్దరిలో ఒకడు ఈ గిబ్సనే. ఆ గేమ్ ఆడుతుంటే వచ్చే ఊపిరాడనితనం ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు వింటే తెలుస్తుంది.

జపాన్ నుంచి మెల్ట్-బనానా తప్పక వినాలి, పాటకు నిమిషం ఓపిక చాలు. ఇక బోర్‌డమ్స్. వీళ్లు 2007 జులై 7న బ్రూక్లిన్‌లో నది ఒడ్డున 77 మంది డ్రమ్మర్లను చుట్టలా కూర్చోబెట్టి ఒకేసారి వాయించారు. దాని గురించి ఎక్కడ చదివినా మహాద్భుతం అన్నట్టే ఉంటుంది. అద్భుతమే, కాదనను.

కానీ మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు డెబ్బై ఏడు అనగానే నోరు తెరవాల్సిన పనిలేదు. డప్పు సంగతి చూడండి. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగిస్తారు. ఒక చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. వాయించేముందు గడ్డి మంట వేసి తోలును కాస్తారు. వేడికి తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది, మోత పదునెక్కుతుంది. చల్లబడితే మళ్లీ మంట. ఆంప్లిఫయర్‌లో గెయిన్ నాబ్ తిప్పడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు. సిటికెన పుల్ల తోలు అంచున తగిలినప్పుడు వచ్చే చిటపటలో స్వరం తక్కువ, నాయిస్ ఎక్కువ. దాని వల్లే అర కిలోమీటరు అవతలికి కూడా దరువు విడివిడిగా వినబడుతుంది.

ఇన్ని తెలిసిన వాయిద్యాన్ని ఎంతకాలం సంగీతం అనలేదు? చావుకు పిలిచారు, చాటింపుకు పిలిచారు, జాతరకు పిలిచారు. కచేరీకి మాత్రం పిలవలేదు. వాయించేవాళ్ల కులం ఏదో అందరికీ తెలుసు కాబట్టి. తర్వాత ప్రజా ఉద్యమాలు, తెలంగాణ పాట, మాదిగ దండోరా ఆ డప్పును పట్టుకుని రోడ్డు మీదికొచ్చాయి, ఎస్సీ వర్గీకరణ కోసం లక్ష డప్పులు, వేయి గొంతులు అని పిలుపిచ్చేదాకా. సంగీతం, శబ్దం అనే గీత ఎఫ్‌ఎఫ్‌టీలో ఎక్కడా కనబడదు. ఎవరో నిలబడి గీస్తారు. న్యూయార్క్‌లో తెల్ల కుర్రాళ్లు స్క్రూడ్రైవర్‌తో గిటార్ గీకితే ఆర్ట్ అని, డప్పు మోగితే మోత అని మన నోటికే వస్తే, ఆ గీత మన నోట్లోనే ఉందన్నమాట. నాయిస్ రాక్ విన్నాక డప్పు వినడం మొదలుపెట్టినవాళ్లు మన బ్యాచ్‌లో ముగ్గురున్నారు. తిరగేసిన దారి, పర్లేదు.

అలాగని అన్ని మోతలనూ ముద్దు చేయాలని కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. 2024 అక్టోబరు మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ట్రాక్టర్ ట్రాలీ మీద బాక్సులు పేర్చి ముసలాళ్లున్న ఇంటి ముందు ఆపేవాళ్లకు ఆ నిషేధం కరెక్టే అంటాను. తేడా ఏంటంటే, నాయిస్ రాక్ షోకు టికెట్ కొనుక్కుని వెళ్తారు, తలుపు తెరిచి బయటికి రావచ్చు.

చెవుల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా. 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని ఒక అంగీకృత పరిమితి. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100కి పదిహేను నిమిషాలు. లోపలి చెవిలో చచ్చిపోయిన రోమకణాలు మళ్లీ మొలవవు. నాయిస్ రాక్ తక్కువ వాల్యూమ్‌లో కూడా నాయిస్ రాకే, పైన చేసిన పైథాన్ ప్రయోగం గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది. కోత తరంగం ఆకారంలో ఉంది, ఎత్తులో కాదు. మై బ్లడీ వాలెంటైన్ లాంటి బ్యాండ్ తన షోల్లో గుమ్మం దగ్గర చెవి ప్లగ్‌లు పంచిపెట్టింది. వాళ్లకే లేని సిగ్గు మనకెందుకు?

కొత్తవాళ్లను ఎలా పట్టుకోవాలి

యాప్ చెప్పదు, లేదా చాలా ఆలస్యంగా చెప్తుంది. కారణం మన సిలబస్‌లోనే ఉంది. కొల్లాబరేటివ్ ఫిల్టరింగ్ అంటే వినేవాళ్లు వరుసలుగా, పాటలు నిలువుగా ఒక పెద్ద మాట్రిక్స్, మీలాంటి వరుసలున్నవాళ్లు ఏం విన్నారో అది మీకు. నాయిస్ రాక్ నిలువుల్లో దాదాపు అన్నీ సున్నాలే. మీరు రెండు పాటలు వింటే, పోలిక దొరక్క, జనం ఎక్కువున్న వైపుకే తోసేస్తుంది. సోనిక్ యూత్ విన్నవాడికి మూడో రోజుకల్లా నిర్వాణా, ఐదో రోజుకు సినిమా పాటలు వస్తాయి. సినిమా పాటలంటే నాకేం పగ లేదు, కానీ నేనడిగింది అది కాదు.

మనుషులు చేసిన మాట్రిక్స్ పట్టుకోండి. ఎవరు రికార్డ్ చేశారు, ఏ లేబుల్, ఎవరితో కలిసి టూర్ చేశారు. షికాగో టచ్ అండ్ గో, మినియాపోలిస్ యాంఫెటమిన్ రెప్టైల్, ఈ రెండు లేబుల్‌ల జాబితా చాలు, ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో రికార్డు పేజీ కిందికి దిగితే ఎవరేం చేశారో క్రెడిట్స్ ఉంటాయి, చాలామటుకు ఉచితంగా మొత్తం వినొచ్చు. నేను గిల్లా బ్యాండ్‌ను అలాగే ఒక పేరు పట్టుకుని ఇంకో పేరు దాకా పోయి పట్టుకున్నా.

గిల్లా బ్యాండ్ డబ్లిన్ వాళ్లు. నలుగురూ మగవాళ్లే అయ్యుండి గర్ల్ బ్యాండ్ అని పేరు పెట్టుకున్నారు, అది సరికాదని 2021లో మార్చుకున్నారు. 2022 నాటి మోస్ట్ నార్మల్‌లో పాట మధ్యలో ఫైల్ పాడైపోయినట్టు, మళ్లీ తేరుకున్నట్టు ఉంటుంది. కొన్నిచోట్ల నిజంగానే ఫోన్ పోయిందేమో అని చూసుకుంటారు.

చాట్ పైల్ అమెరికాలో ఓక్లహామా సిటీ నుంచి. ఆ పేరు సీసం, జింక్ గనుల దగ్గర పోసిన వ్యర్థాల గుట్టలది. ఆ రాష్ట్రంలో పిచర్ అనే ఊరు ఊరంతా ఆ విషపు గుట్టల మధ్య ఖాళీ అయిపోయింది. 2022 నాటి గాడ్స్ కంట్రీలో వై అనే పాట ఉంది. ఇళ్లు లేనివాళ్లు బయట ఎందుకు బతకాలి అని గాయకుడు అడుగుతాడు, అలంకారం లేదు, ఉపమానం లేదు, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ, చివరికి గొంతు పగిలేదాకా. మన అభ్యుదయ కవులు చదివినవాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. కానీ గిటార్ అంత బరువుగా దిగుతుంటే ఆ ప్రశ్నను తప్పించుకోవడానికి చోటుండదు. ఈ వ్యాసంలో ఒకే ఒక్క పాట వింటానంటే ఇదే వినండి.

మాంచెస్టర్ వాళ్లు మాండీ, ఇండియానా. పేరులో ఇండియా లేదు, అమెరికా రాష్ట్రం పేరు. గాయని వాలెంటైన్ కాల్‌ఫీల్డ్ ఫ్రెంచ్‌లో పాడుతుంది. నాకు ఫ్రెంచ్ రాదు, అయినా 2023 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్ నన్ను పట్టుకుంది. ఇంగ్లిష్‌లోనే అరవాలన్న రూలేం లేదని దాంతో నమ్మకం కుదిరింది.

మరి తెలుగులో అరిస్తే? మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్‌లో కేక హల్లు దగ్గర టక్కున తెగుతుంది, తెలుగులో తెగదు, సాగుతుంది. "రా" అని పిలిస్తే ఊపిరి ఉన్నంతసేపూ పిలవొచ్చు. ఒగ్గు కథ చెప్పేవాళ్ల గొంతు వినండి, డోలు మీదుగా ఆ సాగదీత ఎంత దూరం పోతుందో. గోట్ లాంటి లొల్లికి ఇది కుదరకపోవచ్చు, స్వాన్స్ లాంటి మోతకు మాత్రం అచ్చంగా సరిపోతుంది అని నా అంచనా. అంచనాను పరీక్షించడానికి మా వింగ్‌లో ఒక గిటార్ ఉంది, నాలుగే తీగలు మిగిలాయి, అందులో రెండు ఒకే స్వరానికి బిగించాం. స్క్రూడ్రైవర్ మెకానికల్ వాళ్లిచ్చారు. డప్పు వాయించడం వచ్చిన ఫస్టియర్ తమ్ముడొకడు ఒప్పుకున్నాడు. పాడేవాళ్లే కావాలి. రాగం రాకపోయినా పర్లేదు, ఊపిరి ఉండాలి. శనివారం ఐదు తర్వాత ఓపెన్ ఎయిర్ దగ్గరికి రండి, రాత్రి తొమ్మిదికల్లా ఆపేస్తాం.